పిలకాయల హైట్ కోసం పౌడర్లు కొనేవాళ్లు జాగ్రత్త, మేము మోసపోయాం

అన్నా, అక్కా, బిడ్డ పొట్టిగా ఉన్నాడని దిగులు పడేవాళ్లు ఎవరున్నా ఇది చదవండి. నాకు 7,200 పోయింది, అది పోతే పోయింది, మావాడు నెలన్నర వాంతులతో అల్లాడిపోయాడు.

మాది కావలి. మావాడికి 14 ఏళ్లు, ప్రేయర్ లైన్లో ఎప్పుడూ మొదట నిలబెడతారని ఇంటికొచ్చి ఏడ్చేవాడు. నెల్లూరులో ఒక షాపువాళ్లు ఫ్రీగా హార్మోన్ టెస్ట్ అంటే తీసకపోయా. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కసారి రక్తం తీశారు, రెండోరోజు రిపోర్టులో గ్రోత్ హార్మోన్ 0.1 అని చూపించి, మీవాడికి హార్మోనే లేదు సార్, ఇప్పుడు వాడకపోతే ఇక ఇంతే అన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలా. అక్కడికక్కడే మూడు డబ్బాలు, ఒక్కోటి 2,400, ఫోన్లో కొట్టేశా.

డబ్బా మీద మెదడులో కబుర్లు మోసే డోపమైన్, గాబా అనే రసాయనాల్ని పెంచి గ్రోత్ హార్మోన్ వదిలిస్తుందని రాసుంది. లోపల ఆర్జినిన్ (ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం), గాబా, దూలగొండి గింజల పొడి. పాలల్లో కలిపితే గ్లాసు అడుగున ఇసకలా దిగేది, వాడు ముక్కు మూసుకుని తాగి గంటలోపే కక్కేవాడు. అలవాటైపోద్ది ఆపొద్దు అని షాపాయన ఫోన్లో చెప్తే నేనే బలవంతంగా తాగించా, ఆ బాధ నాకింకా పోలేదు.

చివరికి నెల్లూరు పొగతోటలో హార్మోన్ డాక్టర్ దగ్గరికి పోతే రిపోర్టు చూసి పక్కన పెట్టేశారు. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే ధారగా రాదంట, మన వీధి కుళాయి లాగా వదిలినప్పుడే వచ్చి ఆగిపోద్ది, రాత్రి నిద్రపట్టిన కాసేపటికి గాఢనిద్రలో పెద్ద విడత వస్తుంది, పగలు ఎప్పుడో ఒకసారి రక్తం తీస్తే బాగా పెరిగే పిల్లోడిక్కూడా దాదాపు సున్నా రావచ్చు. అంటే ఆ 0.1 చూపించి మమ్మల్ని భయపెట్టారు అంతే.

ఇంకా ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మెదడులో హైపోథాలమస్ నుంచి గ్రోత్ హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథికి ముఖ్యంగా రెండు కబుర్లు పోతాయి, హార్మోన్ వదలమని జీహెచ్‌ఆర్‌హెచ్, ఆపమని సొమాటోస్టాటిన్. ఈ రెండిటి మీద డోపమైన్, నార్‌అడ్రినలిన్, ఎసిటైల్‌కోలిన్ లాంటి మెదడు రసాయనాలు పనిచేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ ఆ ఆపేదాన్ని తగ్గిస్తుంది, నార్‌అడ్రినలిన్ అయితే ఆల్ఫా, బీటా అని రెండు దారుల్లో పనిచేస్తుంది, ఆల్ఫా దారిలో హార్మోన్ పెంచుద్ది, బీటా దారిలో తగ్గించుద్ది. డోపమైన్ లాగా పనిచేసే బ్రోమోక్రిప్టిన్ మామూలు మనిషిలో కాస్త పెంచితే, పిట్యూటరీలో గడ్డ వచ్చి హార్మోన్ ఎక్కువైన వాళ్లలో కొందరికి తగ్గించడానికి వాడతారు. ఇంత చిక్కుగా ఉండేదాన్ని ఒక చెంచా పొడితో సరిచేస్తామని అమ్ముతున్నారు చూడండి.

డబ్బా మీద రాసింది పూర్తిగా అబద్ధం కాకపోవడమే అసలు ప్రమాదం. దూలగొండిలో, ఒంట్లోకి పోయాక డోపమైన్‌గా మారే ఎల్‌-డోపా ఉంటుంది, అది గ్రోత్ హార్మోన్ని కాసేపు పెంచగలదు, వాంతులు తెప్పించేదీ అదే. కానీ కాసేపు పెరిగి తగ్గిపోతే ఎముక సాగదు కదా, ఎముక చివర ఎదిగే భాగం మూసుకుపోయిన వాళ్లకైతే ఏం తాగినా పొడవు పెరగరు.

మావాడికి సరైన టెస్ట్ పరగడుపున చేశారు. క్లోనిడిన్ మాత్ర ఇచ్చి (నార్‌అడ్రినలిన్ ఆల్ఫా దారిలోనే పనిచేస్తుందంట) చేతికి సూది పెట్టేసి అరగంటకోసారి రక్తం, మధ్యలో బీపీ చూస్తానే ఉన్నారు, వాడు మత్తుగా నా ఒళ్లో తలపెట్టి పడుకున్నాడు. 10 దాటితే బాగున్నట్టే అన్నారు, 13 వచ్చింది! ఎడమ చెయ్యి ఎక్స్‌రేలో ఎముకల వయసు 12 దగ్గరుంది, అంటే లేటుగా ఎదిగే పిల్లోడు, ఇంకా టైముంది, మందేం వద్దు అన్నారు.

ఒంగోలు వైపు కూడా ఇలాంటి డబ్బాలే తిరుగుతున్నాయని మా బావమరిది చెప్పాడు. ఎవరన్నా ఒకే ఒక్క రక్తపరీక్ష చూపించి హార్మోన్ లేదంటే డబ్బులు తియ్యబాకండి, ముందు హార్మోన్ డాక్టర్‌కి చూపించండి, ఇప్పటికే వాడుతుంటే డబ్బా వెనక ఫోటో తీసుకుపోండి. సీల్ తీయని డబ్బా ఒకటి మా ఇంట్లో అట్నే ఉంది, వెనక్కి తీసుకోమంటే బిల్లు ఏదన్నారు, మాకిచ్చింది తెల్ల చీటీ మీద రాసిన లెక్క.