వెనక దిగిపోయిన పాత ఫోర్‌వీల్ బండికి కొత్త కమాన్ కట్టలు: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, ఈ కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగులు) బాగున్నాయి. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇవే కొంటాను, కాకపోతే ఎంత బరువుకు తగ్గ కట్ట తీసుకోవాలన్న దగ్గర మాత్రం బాగా ఆలోచించాలి.

నా బండికి వెనక కమాన్లు, ముందు టోర్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. ఖాళీగా ఉన్నప్పుడే వెనక భాగం కిందికి ఉండేది, సామాను వేస్తే హెడ్‌లైట్ల వెలుగు చెట్ల మీదికి పోయేది. కింద దూరి చూస్తే బంప్ స్టాప్ రబ్బరు (ఆక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) తగిలేచోట ఆక్సిల్ (చక్రాల ఇరుసు) మీద రంగు పోయి ఇనుము తళతళలాడుతోంది, అంటే చిన్న గుంతకే ఆక్సిల్ పైకొచ్చి గుద్దుకుంటోందన్నమాట. మెయిన్ పట్టీ తిన్నగా అయిపోవడమే కాదు, కాస్త ఎదురు వంపు కూడా తిరిగింది. పట్టీల మధ్య రాపిడి తగ్గించే ప్యాడ్‌లు ఎప్పుడో అరిగిపోయాయి, వాటి చోట తుప్పు పొరలు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. షాకులు ఊగుడును ఆపుతాయి, బండి బరువును మొయ్యవు. ఎంత దిగిందో తెలియాలంటే చదునైన నేల మీద వీల్ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి, నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తాయి.

పొడుగు షాకిల్స్ (కమాను కొసను బండి ఫ్రేముకు కలిపే లింకులు) వేస్తే ఎత్తు పెరుగుతుంది గానీ (షాకిల్ రెండు అంగుళాలు పెరిగితే బండి లేచేది ఇంచుమించు ఒక అంగుళమే) అలసిపోయిన కమానుకు కొత్త బలమేం రాదు. పాత పట్టీలకు మళ్లీ వంపు కొట్టించినా కొన్నాళ్లకు దిగిపోతాయి. ఇక ఎయిర్ బ్యాగులు, అంటే స్ప్రింగుకు తోడుగా బరువు మోసే గాలి సంచులు. కాయిల్ స్ప్రింగుల బండికి, అప్పుడప్పుడూ మాత్రమే బరువు వేసేవాళ్లకు, కాయిల్ లోపల పెట్టేవి చక్కగా పనిచేస్తాయి. కమాన్ల బండిలో అలా కాదు. కమాను తను మోసే బరువును ఛాసిస్‌కు (బండి ఫ్రేముకు) ముందొక చోట, వెనకొక చోట పంచుతుంది, బ్యాగు మాత్రం సరిగ్గా ఆక్సిల్ పైన ఒకే చోట నెడుతుంది. వెనక బరువు వేలాడుతూ, బ్యాగులో గాలి బిగించి గతుకుల్లో నడిపితే ఛాసిస్ అక్కడే వంగే ప్రమాదం ఉంది. అందుకే నేను వాటి జోలికి పోలేదు.

నేను వేయించింది ఎప్పుడూ 300 కిలోలు మోసేలా చేసిన కట్ట. వెనక డ్రాయర్లు, రెండో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు ఎప్పుడూ ఉండేవే కాబట్టి ఆ లెక్క సరిపోయింది. ఆ బరువుతో బండి నిజంగా హాయిగా నడుస్తుంది, గుంతలో పడితే ఒక్కసారి దిగి లేచి నిలబడుతుంది, అంతే. కానీ సామానంతా దింపేసి వట్టి బండి తోలితే నడుం విరుగుతుంది, అలల్లా గతుకులున్న మట్టిరోడ్డు మీద మలుపు తిరిగితే వెనక చక్రాలు ఎగురుతూ పక్కకు జరుగుతాయి. మీరు ఎక్కువగా ఖాళీగా తిరిగేవాళ్లైతే ఒక మెట్టు తక్కువ కట్ట తీసుకోండి, ఎక్కువుంటే మంచిదేగా అనుకోవద్దు. ఇంకోటి, గట్టి కమాన్లు వేసినంత మాత్రాన బండికి అనుమతించిన మొత్తం బరువు పెరిగిపోదు.

బిగింపులో కమానును ఆక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వాడాలి, పాతవి ఒకసారి సాగాక మళ్లీ నమ్మకూడదు. బుష్ (కమాను కొసల్లో కూర్చునే రబ్బరు లాంటి గొట్టం) బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్లీ బిగించాలి. నాకు పాత షాకిల్ పిన్ను బుష్‌లోనే తుప్పు పట్టి బిగుసుకుపోతే గ్రైండర్‌తో కొయ్యాల్సి వచ్చింది, కాబట్టి పిన్నులు, బుష్‌లు ముందే తెచ్చిపెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకుల సంగతి. పాత బండ్లు చాలావాటిలో వెనక ఆక్సిల్‌కు ఒక కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉంటుంది. బండి వెనక ఎత్తు పెరగగానే ఆ వాల్వు బరువేమీ లేదనుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ తగ్గించేస్తుంది. ఎత్తు పెంచినవాళ్లు దాన్ని సర్దించుకోవాల్సిందే. హెడ్‌లైట్లు కూడా, ఈసారి కిందికి కొడుతుంటాయి.

మొదట్లో బండి మరీ పైకి లేచినట్టు అనిపించింది, తర్వాత కాస్త సర్దుకుంది, ఆ పైన ఇప్పటిదాకా దిగలేదు. ఫిర్యాదంటే ఒక్కటే, నా పాలీయూరిథేన్ బుష్‌లు గ్రీజు ఆరగానే కిర్రుకిర్రుమంటాయి. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న పిన్నులు దొరికితే అవే తీసుకోండి.