తోటలకు కార్బన్ క్రెడిట్లు లెక్కగట్టే యాప్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం వైపు రైతు ఉత్పత్తిదారుల సంఘాలు (ఎఫ్‌పీఓలు) నడిపేవాళ్లకూ, జామాయిల్, సుబాబుల్, టేకు, మామిడి తోటలున్న రైతులకూ ఇది జాగ్రత్త హెచ్చరిక. ఏలూరు, అల్లూరి జిల్లాల రైతులు కూడా చదవండి, అదే మాటలతో అక్కడా తిరుగుతున్నారని విన్నాం. "మీ చెట్లు పీల్చే కార్బన్‌కి డాలర్లు వస్తాయి, మా సాఫ్ట్‌వేర్ శాటిలైట్‌తో లెక్కగట్టి తనే అమ్మిపెడుతుంది" అని చెప్పి ఎకరానికి ఇంతని ఏడాది చందా కట్టించుకుంటున్నారు. మా సంఘం బోర్డు తీర్మానం చేసి, సభ్యుల షేర్ ధనంలోంచి కట్టింది. ఏడాది తిరిగింది. ఒక్క క్రెడిట్ (టన్ను కార్బన్ డయాక్సైడ్‌ లెక్కన జారీ అయ్యి అమ్ముకోగలిగేది) పుట్టలేదు, రూపాయి రాలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఒప్పందంలో రైతుల మెడకు చుట్టుకున్న షరతులు ఇంకో ఎత్తు. లాయరు నోటీసు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అసలు పేరు కంటే ఆ పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం. రేపు వేరే పేరుతో, వేరే రంగు యాప్‌తో వచ్చినా ఇవే మాటలు చెబుతారు.

మాకు అనుమానం ఎక్కడ మొదలైందో చెబుతాను. మా సభ్యుల్లో ఒక పెద్దాయన, నాకు బాబాయ్ వరస, రెండెకరాల సుబాబుల్ కొట్టించి పేపరు మిల్లుకి తోలాడు. జేసీబీతో మొద్దులు పీకించి దున్ని మిర్చి వేశాడు. మిర్చి ఏపుగా వచ్చింది. సంఘం ఆఫీసులో ఆయన సర్వే నంబరు నొక్కి చూస్తే, యాప్‌లో ఆ చేను ఇంకా తోటగానే ఉంది. "కార్బన్ నిల్వ" అని రాసి ఆకుపచ్చ గీత పైకి పోతోంది, కిందటి నెల కంటే టన్నులు పెరిగాయి. బాబాయ్ ఫోను చేతిలోకి తీసుకుని, "ఏందిరా ఇది, నరికిన చెట్టు కూడా పెరుగుద్దా?" అన్నాడు. కంపెనీ మనిషికి ఫోను చేస్తే, "మోడల్ ఇంకా నేర్చుకుంటోంది సార్, వచ్చే అప్‌డేట్‌లో సరిపోతుంది" అన్నాడు. ఆ అప్‌డేట్ రానేలేదు.

అలా ఎందుకు చూపించిందో తర్వాత ఆరా తీశాం. ఈ యాప్‌లు ఎక్కువగా వాడేది ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. వాటిలో ఒక్కో చుక్క నేలమీద పది మీటర్లకు పది మీటర్లు. ఉపగ్రహానికి కనబడేది పచ్చదనం. కాండం లావు, కలప బరువు దానికి తెలియవు. మిర్చి పచ్చన, సుబాబుల్ పచ్చన రెండూ అడవి లెక్కలోకే పోతాయి, లెక్కగట్టే మనిషి విడదీయకపోతే. వానాకాలం మబ్బులు కమ్మితే ఆ చిత్రాలు కూడా ఉండవు, పాత లెక్క మీదే అంచనా గీత లాక్కుంటూ పోతారు. ఇక చిన్న కమతాల సంగతి. రెండెకరాలంటే దాదాపు 8,100 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉందనుకున్నా వరసకు తొమ్మిది చొప్పున 81 చుక్కలు, వాటిలో అంచుల్లో పడేవే 32. గట్టు మీది తాడిచెట్లు, పక్కవాడి మామిడి తోపు, కాలవ ఒడ్డు తుమ్మలు ఆ అంచు చుక్కల్లో కలుస్తాయి. ఇంక మన చేల హద్దులు నలుచదరంగా ఎక్కడున్నాయి? "మాకు నాసా లేజర్ డేటా ఉంది" అని కూడా చెప్పారు. 2018 చివర్లో అంతరిక్ష కేంద్రానికి బిగించిన జెడీ అనే పరికరం చెట్ల ఎత్తు కొలుస్తుంది, నిజమే. కానీ అది పాతిక మీటర్ల వెడల్పు మచ్చలుగా అక్కడక్కడా కొలుస్తుంది. అందులో ఒక్క మచ్చయినా మీ చేలో పడిందా అని అడగండి.

మేం ఒక తోటలో టేపు పట్టి చూశాం. మూడో ఏడు జామాయిల్ క్లోన్. ఛాతీ ఎత్తు, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర ఒక సగటు చెట్టు చుట్టుకొలత 35 సెంటీమీటర్లు. అంటే వ్యాసం 11 సెంటీమీటర్లు. ఎత్తు 12 మీటర్ల దాకా ఉంది. కలప సాంద్రత 0.5 అనుకుని, ఉష్ణమండల చెట్లకు ఎక్కువగా వాడే 2014 నాటి షావ్ సూత్రంలో వేస్తే నేలపైన ఎండు బరువు 42 కిలోలు వచ్చింది. అందులో 47 శాతం కార్బన్, దగ్గర దగ్గర 20 కిలోలు. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ 73 కిలోలు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. వేర్లు కలపకుండా చూస్తే ఆ సైజు చెట్లు 14 ఉంటేగానీ ఒక టన్ను కాదు. అదే చేనుకి యాప్ చూపిన అంకె, మేం వరసల్లో చెట్లు లెక్కబెట్టి వేసుకున్న దానికి రెట్టింపు పైమాటే. ఏ సూత్రం వాడారు, ఏ జాతికి ఏ సాంద్రత తీసుకున్నారు, తప్పు ఎంత శాతం ఉండొచ్చు అని మెయిల్ పెడితే, "అది మా సొంత టెక్నాలజీ, బయటపెట్టం" అని జవాబు. సూత్రం చూపించని లెక్కను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. అనిశ్చితి ఎక్కువుంటే వచ్చే క్రెడిట్లలో కోత కూడా పెడతారు.

ఇంతకంటే పెద్ద మోసం టన్నులనే క్రెడిట్లుగా చూపించడం. తోటలో ఉన్న కార్బన్ అంతా క్రెడిట్ కాదు. ప్రాజెక్టు లేకపోతే ఏం జరిగేదో, ప్రాజెక్టు వల్ల దానికంటే అదనంగా ఎంత నిల్వ అయిందో, ఆ తేడాకే క్రెడిట్. మేం కొన్న యాప్ ఏం చేసిందంటే, తాతల నాటి మామిడి తోపులను కూడా సున్నా నుంచి మొదలుపెట్టి మొత్తం క్రెడిట్లలో కలిపేసింది. ఆ తోపులు ఏ యాప్ వచ్చినా రాకపోయినా ఉండేవే, వాటికి ఎవరూ డబ్బివ్వరు. జామాయిల్‌ది ఇంకో కథ. నాలుగైదేళ్లకోసారి కొట్టి మిల్లుకి తోలే పంట అది. అలా కొట్టే తోటలకు, కార్బన్ క్రెడిట్లు జారీ చేసే వెర్రా లాంటి విదేశీ సంస్థల నిబంధనల్లో కోతకు ముందున్న గరిష్ఠ నిల్వను లెక్కలోకి తీసుకోరు. ఏళ్ల తరబడి కోతలన్నీ కలిపి వచ్చే సగటు వరకే క్రెడిట్. సగటంటే గరిష్ఠంలో దాదాపు సగం. ఆ సగంలోంచి కూడా, నిప్పంటుకున్నా గాలివానకు పడిపోయినా పూడ్చడానికని కొంత భాగం బఫర్ కింద పక్కన పెడతారు. మా డ్యాష్‌బోర్డులో ఈ కోతలేవీ లేవు. కోతకొచ్చిన తోట మొత్తం టన్నులను డాలర్ రేటుతో గుణించి, "మీ ఆదాయం" అని పెద్ద అక్షరాల్లో చూపించారు. రైతులు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని ఇంట్లో చూపించుకున్నారు. ఆ డబ్బు వస్తుందని పిల్ల పెళ్లి ఖర్చులు లెక్కేసుకున్న రైతు ఉన్నాడు మా దగ్గర. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

అమ్మేటప్పుడు వాళ్లు చెప్పే ఉదాహరణలు నిజమైనవే, అందుకే నమ్మబుద్ధేస్తుంది. ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్ విధానమైన సీడీఎం కింద రిజిస్టరయింది. అది యాప్ డౌన్‌లోడ్ చేసి తెచ్చుకున్నది కాదు. ఆ విధానం కింద 1989 డిసెంబర్ 31 నాటికి అడవి కాని భూమి అని నిరూపించాల్సి ఉండేది, బయటి ఆడిటర్లు వచ్చి చూడాల్సి ఉండేది, అంతా అయ్యాక కూడా అడవులకిచ్చిన క్రెడిట్లు తాత్కాలికమైనవే. అంతకుముందు 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ నూనెతో 147 టన్నులు లెక్క తేల్చి ప్రపంచ బ్యాంకుకు అమ్మారు, 645 డాలర్లు వచ్చాయి. చిన్న మొత్తమే, కానీ లెక్క శుభ్రంగా ఉంది, కొన్నదెవరో తెలుసు. ఈ రెండిటినీ చూపించి, మన చేతికి వచ్చేసరికి తమ సొంత లెడ్జర్‌లో "టోకెన్లు" పడేస్తున్నారు. ఆ టోకెన్ కొనేవాడు బయట ఎవడూ లేడు.

"కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉంది" అంటూ చూపించిన కాగితం తీరా చూస్తే స్టార్టప్ గుర్తింపు పత్రం. అది కంపెనీకిచ్చేది, కార్బన్ లెక్కకు ఆమోదం కాదు. కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమును నోటిఫై చేసింది, దాన్ని నడిపేది కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన గ్రీన్ క్రెడిట్ వేరే పథకం, దాన్ని డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన మండలి ఐసీఎఫ్‌ఆర్‌ఈ చూస్తుంది. అమ్మడానికి వచ్చిన కుర్రాడు రెండిటినీ కలిపి ఒకటే పథకంలా చెప్పాడు. మీ దగ్గరా అలా కలిపి చెబితే అక్కడే ఆపి, ఏ పథకం కింద, ఏ మెథడాలజీ (ఆమోదించిన లెక్క పద్ధతి) నంబరుతో అని అడగండి.

విదేశీ మార్కెట్ అంటే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ సంస్థల రిజిస్ట్రీలు (ప్రాజెక్టుల ఆన్‌లైన్ చిట్టాలు) ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. ప్రాజెక్టు నంబరు అడిగి మీరే వెతకండి. పేరు కనబడగానే సంబరపడొద్దు. "అండర్ డెవలప్‌మెంట్" అనో "అండర్ వ్యాలిడేషన్" అనో ఉంటే ఇంకా రిజిస్టర్ కాలేదనే అర్థం. రిజిస్టరైనా ఎన్ని క్రెడిట్లు జారీ అయ్యాయో సీరియల్ నంబర్లతో సహా అక్కడే ఉంటుంది. మాకు యాప్ అమ్మినవాళ్లిచ్చిన నంబరు కొడితే వేరే రాష్ట్రంలో, వేరే సంస్థ పేరుతో ఉన్న ప్రాజెక్టు వచ్చింది. అడిగితే "అది మా భాగస్వామి" అన్నారు, భాగస్వామ్య పత్రం మాత్రం ఇవ్వలేదు. ఇంకోమాట, రిజిస్ట్రీలో ఉన్నంత మాత్రాన కూడా లెక్క గట్టిదని కాదు. 2023 ఆగస్టులో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన అడవుల నరికివేత ఆపే ప్రాజెక్టులను పరిశీలించి, వాటి క్రెడిట్లలో కొద్ది శాతమే నిజమైన తగ్గింపు అని తేల్చింది. అప్పటి నుంచి కొనేవాళ్లు లెక్కలు గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. సూత్రం చూపించని యాప్ లెక్కను వాళ్లెందుకు కొంటారు?

ఏజెన్సీ గ్రామాల వాళ్లు ఈ ముక్క తప్పకుండా చదవండి. మా ఖాతాలో విస్తీర్ణం ఎక్కువగా కనబడుతోందేమిటా అని మ్యాపు పెద్దది చేసి చూస్తే, ఊరి వెనక గుట్టంతా హద్దు గీసి ఉంది. అది రిజర్వు ఫారెస్టు. "మీ ఊరి అడవే కదా సార్, వీఎస్ఎస్ ఉంది కదా" అన్నాడు ఆ హద్దు గీసిన కంపెనీ మనిషి. వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) ఉన్నా భూమి అటవీ శాఖదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు ఉన్నచోట గ్రామసభను కాదని ఎఫ్‌పీఓ ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. పోడు పట్టా భూమి అమ్మడానికీ, వేరేవాళ్లకు బదలాయించడానికీ లేదు. అలాంటి భూముల పట్టాలు ఫొటో తీసి ఎక్కించి, కార్బన్ హక్కులు రాసిచ్చినట్టు సంతకాలు పెట్టించుకున్నారు. రేపు రేంజర్ ఆఫీసు నుంచి అడిగితే నిలబడాల్సింది సంతకం పెట్టిన గిరిజన రైతు, కంపెనీ కాదు.

ఒప్పందం ఇంగ్లిష్‌లో ఇచ్చారు. తెలుగులో చదివి వినిపించమని రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే అక్కడే మానుకోండి. మా దాంట్లో ఉన్నవి ఇవి: చందా ఆగిపోయినా కార్బన్ హక్కు 30 ఏళ్లు కంపెనీదే. రైతు తోట కొట్టాలంటే ముందుగా తెలియజేయాలి, లేదంటే నష్టపరిహారం కట్టాలి. రైతుల హద్దులు, చెట్ల కొలతలు, పాసుపుస్తకం వివరాలు అన్నీ కంపెనీ ఆస్తి. గొడవొస్తే వాళ్ల నగరంలోనే మధ్యవర్తిత్వం. చందా ప్రతి ఏడూ బ్యాంకు ఈ-మ్యాండేట్ ద్వారా దానంతటదే కట్ అవుతుంది. మేం మానేస్తామని చెప్పి, ఎండలో గట్లు తిరిగి మా కుర్రాళ్లు తీసిన హద్దుల ఫైళ్లు కేఎంఎల్‌లో (వేరే మ్యాపుల్లోనూ తెరుచుకునే ఫైలు రకం) ఇవ్వమంటే, "ఎక్స్‌పోర్ట్ ప్రీమియం ప్లాన్‌లో ఉంది" అన్నారు. మన చేను హద్దు మనకివ్వడానికి మళ్లీ డబ్బు!

వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే అక్కడా చిక్కుంది. వ్యాపార అవసరానికి కొన్న సేవ అని అవతలివాళ్లు 2019 చట్టాన్నే చూపించి వాదిస్తారని మా లాయరు చెప్పారు. అందుకే నోటీసు దారి పట్టాం.

మీరు ఇంకా కట్టకపోతే ముందు ఒక్క చేనుకు ఉచితంగా లెక్క వేయించండి. అదే చేనులో టేపు పట్టి మీరూ లెక్క వేసి, పక్కపక్కన పెట్టి చూడండి. ఈమధ్యే కొట్టేసిన తోట ఒకటి, మిర్చో పత్తో వేసిన చేను ఒకటి చెప్పకుండా కలిపి ఇవ్వండి. ఆ రెండిటికీ ఏం చూపిస్తుందో చూస్తే సగం సంగతి బయటపడుతుంది. కేవలం అంచనా కావాలంటే చందాలు అక్కర్లేదు. హద్దులు గీయడానికి క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్ ఉచితం, కార్బన్ లెక్కకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ల ఎక్స్-యాక్ట్ ఉచితం. వ్యవసాయ కాలేజీ, ఫారెస్ట్రీ కాలేజీ పిల్లలను అడిగితే ఒక పూటలో నేర్పిస్తారు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు ముందు బ్యాంకుకెళ్లి ఈ-మ్యాండేట్ రద్దు చేయించండి. డ్యాష్‌బోర్డులో ప్రతి సభ్యుడి పేజీనీ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మాకు కొన్ని పేజీలు తర్వాత మాయమయ్యాయి. రెన్యువల్ తేదీకి ముందే రిజిస్టర్డ్ పోస్టులో, మెయిల్‌లో రెండిటిలోనూ నోటీసివ్వండి, ఫోను మాట నిలబడదు. కొత్త సభ్యుల పాసుపుస్తకాలు, ఆధార్ ఎక్కించడం ఆపేయండి. రిజర్వు ఫారెస్టు గాని, పోడు పట్టా భూమి గాని మీ ఖాతాలో కలిసి ఉంటే, ఆ హద్దులు మీరు గీసినవి కావని, తీసేయమని రాతపూర్వకంగా అడిగి కాపీ దగ్గరుంచుకోండి. మా ఒప్పందంలోని షరతులు తెలుగులో రాయించి సంఘం ఆఫీసులో పెట్టాం. ఏ ఎఫ్‌పీఓ వాళ్లయినా వచ్చి, మీ చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకోవచ్చు.