ఏడేళ్ల గోబర్ గ్యాస్: లెక్కలోకి రాని అడవి పెండ

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత పక్క ఊరు. 2018లో కొట్టం వెనక రోజుకు రెండు ఘనమీటర్ల గ్యాస్ ఇచ్చే గోబర్ గ్యాస్ కట్టించుకున్నాం. దీనబంధు రకం, భూమిలో ఇటుకల గుమ్మటం. తుప్పు పట్టే ఇనుప డ్రమ్ము ఉండదు.

రోజుకు 50 కిలోల పెండ, అన్నే నీళ్లు, నాలుగైదు పశువులు చాలన్నారు. మాకు ఆరున్నాయి కదా అని ధైర్యం. కానీ మావి పొద్దున మందతో అడవికి పోతే దీపాలవేళకే ఇల్లు చేరేవి. పగటి పెండంతా అడవిపాలే. తెల్లారి కొట్టంలో ఎత్తితే 30 కిలోలు దాటేది కాదు. కిలోకు 40 లీటర్ల గ్యాస్ వేసుకున్నా పగటి వంటకే సరి, రాత్రికి మళ్లీ కట్టెల పొయ్యే. ముందే తెలిస్తే ఒక ఘనమీటరుదే కట్టించేవాళ్లం. చివరికి బర్రెను కొని ఇంటి దగ్గరే కట్టేసి మేపితే గాని రెండు పూటలా మంట రాలేదు. బర్రె పాల కోసమే అంటారు మా ఆయన.

మంటకు వంక పెట్టను. నీలంగా వస్తుంది, మసి లేదు, వాసనా లేదు. ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు చేరిందని అర్థం, కాక్ తిప్పి వదిలేస్తాను. చలికాలంలో గ్యాస్ బాగా తగ్గుతుంది, ఎండకు పెట్టిన నీళ్లు కలిపితే కాస్త నయం. మొదటి ఏడు పైపు అతుకు దగ్గర లీకేజీ. సబ్బు నురగ పూస్తే బుడగలు! కట్టినాయన మూడుసార్లు పిలిచినా రాలేదు, మా డబ్బుతోనే బాగు చేయించుకున్నాం. ఇంకోసారి తప్పు నాదే: కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు పెండ కలిపే తొట్టిలోకి పోయి లోపలి సూక్ష్మజీవులు చచ్చాయి. మూడు వారాలు పొయ్యి వెలగలేదు.

గ్యాస్ పోయాక బయటికొచ్చే పల్చటి పెండకు, అదే స్లర్రీకి, ఈగలు పెద్దగా ముసరవు. వరికి కాలువ నీళ్లలో వదులుతాం, మిర్చికి ఎండుటాకులతో గుంటలో మాగబెట్టి వేస్తాం. పెంటకుప్ప ఎరువు వేసిన మడి కన్నా కలుపు తక్కువ. యూరియా మానలేదు, తగ్గించాం.

మొన్న పక్కింటి వదిన తనూ కట్టించుకుంటానంది. "మేస్త్రీని పిలిచే ముందు వారం రోజులు పొద్దున పెండ తూచి చూడు వదినా" అన్నాను. తూచింది. 14 కిలోలు. వానపాముల ఎరువు మొదలుపెట్టింది.