నాలుగు లీటర్ల బీరు కిట్: సామాను మంచిదే, హైదరాబాద్ ఎండ గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు

ఇంట్లో బీరు కాయడం నేర్చుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. పెట్టెలో ఐదు లీటర్ల గాజు జాడీ, బెజ్జం ఉన్న రబ్బరు బిరడా, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని గొట్టం), హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత కొలిచేది), థర్మామీటరు, బీరును జాడీలోంచి తీసే సైఫన్ పైపు ఉన్నాయి. సరుకుల్లో 450 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం పొడి), 150 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ (రంగు, రుచి కోసం వేయించిన మొలకల బార్లీ), చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూల పొట్లాలు ఏడేసి గ్రాములవి రెండు, పులియబెట్టే ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్, శానిటైజర్ ఇచ్చారు. సీసాలు, మూతలు, మూత బిగించే క్యాపర్ మనమే కొనుక్కోవాలి.

ముందు చట్టం మాట. తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. బీరు కూడా అందులోకే వస్తుంది. ఈ కిట్ అమ్మేవాళ్లు ఆ సంగతి పెట్టె మీద గానీ, లోపలి కాగితంలో గానీ రాయలేదు. కొనేవాళ్లకు డబ్బు కట్టకముందే తెలియాల్సిన విషయం ఇది, అందుకే దీన్ని మొదటి లోపంగా లెక్కేస్తున్నాం. ఎయిర్‌లాక్, హైడ్రోమీటరు, జాడీ వేరే పులియబెట్టే పనులకూ పనికొస్తాయి. బీరు సంగతి మాత్రం చట్టం తెలుసుకుని మీరే ఆలోచించుకోండి.

ఇక సామాను. జాడీ బాగుంది. ఐదు లీటర్ల జాడీలో నాలుగు లీటర్లే పోయమన్నారు, అది సరైన లెక్క. పులిసేటప్పుడు మొదటి రెండు రోజులు నురగ పొంగుతుంది, పైన లీటరు ఖాళీ లేకపోతే అది ఎయిర్‌లాక్‌లోకి ఎక్కి బెజ్జం మూసేస్తుంది. కొన్ని కిట్లలో 3.8 లీటర్ల జాడీని మెడ దాకా నింపమంటారు. అలాంటిది కొన్నవాళ్లు మొదటి రెండు రోజులు ఎయిర్‌లాక్ తీసేసి, బిరడాకు లావుపాటి పైపు పెట్టి, దాని రెండో కొసను శానిటైజర్ నీళ్ల గిన్నెలో ముంచాలి.

కాచడం కష్టమేమీ కాదు. ఐదున్నర లీటర్ల నీళ్లు 67 డిగ్రీలకు వేడిచేసి, క్రిస్టల్ మాల్ట్‌ను పల్చటి గుడ్డలో మూటగట్టి అరగంట నానబెట్టాలి. వేడి 76 దాటితే పొట్టులోని వగరు దిగుతుంది. మూట తీసేసి, స్టవ్ ఆపి, ఎక్స్‌ట్రాక్ట్ కలపాలి. మంట మీదే పోస్తే అడుగంటుతుంది. మళ్లీ మరగబెట్టి మొదటి హాప్స్ పొట్లం వేసి గంట కాయాలి, రెండోది ఆఖరి ఐదు నిమిషాల్లో వేయాలి. చేదు మొదటి పొట్లంది, వాసన రెండోది. ఎనిమిది లీటర్ల గిన్నె చాలని కాగితంలో రాశారు. చాలదు. మాల్ట్ పాలలా ఒక్కసారిగా పొంగి స్టవ్ అంతా జిగురు చేస్తుంది. బేగంబజార్‌లో పది పన్నెండు లీటర్ల స్టీలు తపేలా తెచ్చుకోండి, బిర్యానీకైనా పనికొస్తుంది.

నీళ్ల విషయంలో తేలిక దారి ఉంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఖనిజాలు ముందే ఉంటాయి కనుక ఆర్‌ఓ నీళ్లు వాడితే చాలు. నల్లా నీళ్లలోని క్లోరిన్ బీరుకు మందుల షాపు వాసన అంటిస్తుంది. బోరు నీళ్లు అసలే వద్దు.

అసలు చిక్కంతా కాచిన తరవాతే వస్తుంది. కాగితంలో “గదిలో చల్లటి చోట ఉంచండి, 18 నుంచి 22 డిగ్రీలు” అని రాసి వదిలేశారు. మే నెలలో హైదరాబాద్ ఫ్లాట్లలో ఆ చోటు ఎక్కడుంది? గది 33 ఉంటే, ఈస్ట్ పని మొదలెట్టాక పుట్టే వేడితో జాడీ లోపల ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడిలో మామూలు ఏల్ (కాస్త వెచ్చగా పులిసే బీరు రకం) ఈస్ట్ ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన ఆల్కహాల్స్ వదులుతుంది. అలాంటి బీరు గొంతులో మంటపెడుతుంది, వాసన నెయిల్ పాలిష్‌లా ఉంటుంది. ఎన్ని నెలలు దాచినా అది పోదు. ఈ ఊళ్లో మొదటి బీరు పాడైందంటే శుభ్రత కన్నా ముందు అనుమానించాల్సింది వేడినే.

కాచినదాన్ని చల్లార్చడం దగ్గరే ఈ ఇబ్బంది మొదలవుతుంది. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే కాగి ఉంటాయి. సింకులో ముందు నల్లా నీళ్లతో 45 డిగ్రీల దాకా దించి, ఆ తరవాత ఐస్ వేయాలి. మొదటే వేస్తే ఐదు కిలోల ఐస్ ఐదు నిమిషాల్లో కరిగిపోతుంది. 22కి దిగాక జాడీలో పోసి, మూత మూసి రెండు నిమిషాలు బాగా కుదిపి ఈస్ట్ వేయాలి. ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాల్సింది అప్పుడే. ఆ తరవాత గాలి తగిలితే బీరు తడిసిన అట్టపెట్టె రుచికి వస్తుంది.

జాడీని ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, సగం ఎత్తు దాకా నీళ్లు పోసి, పైన తడి తువ్వాలు చుట్టి, దాని కొసను నీళ్లలో ఉంచండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసాలు పొద్దున రెండు, రాత్రి రెండు మార్చాలి. ఫ్యాన్ గాలి తగిలితే ఇంకా మంచిది. మొదటి నాలుగు రోజులు ఇది తప్పకుండా చేయాలి, ఆ తరవాత కాస్త పట్టు వదిలినా నష్టం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే తడి తువ్వాలు ఒక్కటే చాలు. ఈ శ్రమ వద్దనుకుంటే కిట్‌లోని ఈస్ట్ పక్కనపెట్టి క్వైక్ ఈస్ట్ విడిగా కొనండి. నార్వే పల్లెల నుంచి వచ్చిన రకం ఇది, 30 నుంచి 40 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. కిట్ తయారీదారు హైదరాబాద్‌కు పంపే పెట్టెల్లో ఇదే పెట్టి ఉంటే మా ఫిర్యాదుల్లో సగం ఉండేవి కావు. కింగ్‌ఫిషర్ లాంటి లాగర్ (చల్లటి చోట పులిసే బీరు రకం) కావాలనుకునేవాళ్లకు మాత్రం ఈ కిట్ సరిపోదు. దానికి 10–12 డిగ్రీలు కావాలి, అంటే ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ ఉండాల్సిందే.

ఈస్ట్ ప్యాకెట్ మొత్తం వేయమనడం ఇంకో పొరపాటు. 11.5 గ్రాములు ఇరవై లీటర్ల పైమాటకు సరిపోయే కొలత. నాలుగు లీటర్లకు నాలుగు గ్రాములు చాలు. మిగిలింది మడిచి, గాలి చొరకుండా టేపు వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

హైడ్రోమీటరు నిజంగా మెచ్చుకోదగ్గది, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. నీళ్ల సాంద్రత 1.000 అనుకుంటే, ఈ కొలతలతో మొదటి రీడింగు 1.045, 1.050 మధ్య రావాలి, పులియడం ముగిసేసరికి 1.012 దగ్గర ఆగాలి. 1.048 నుంచి 1.012 అంటే ఆల్కహాల్ 4.7 శాతం. అయితే ఇది 20 డిగ్రీలకు తయారైన పరికరం. 32 డిగ్రీల ద్రవంలో ముంచితే 0.003 దాకా తక్కువ చూపిస్తుంది, అంత కలుపుకోవాలి.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయని సీసాల్లో నింపమంటున్నారు, ఇది ప్రమాదకరమైన సలహా. బిరడా వదులైనా బుడగలు ఆగుతాయి. మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే అయితేనే నింపాలి. పులియడానికి చక్కెర ఇంకా మిగిలి ఉండగా మూత బిగిస్తే గాజు సీసా పేలుతుంది, ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. గ్యాస్ కోసం సీసాకో చెంచా చక్కెర అనే లెక్క కూడా నమ్మొద్దు, చెంచాలన్నీ ఒక కొలతవి కావు. నాలుగు లీటర్లకు 24 గ్రాముల పంచదార తూకం వేసి, కొద్దిగా నీళ్లలో మరిగించి, చల్లార్చి, మొత్తం బీరులో మెల్లగా కలిపి నింపండి. అడుగున మడ్డి వదిలేస్తే ఐదు 650 మిల్లీలీటర్ల సీసాలు నిండుతాయి. గోధుమరంగు సీసాలే వాడాలి. తెల్ల సీసాలో బీరు వెలుతురుకు కంపు కొడుతుంది.

మొదటిసారి నింపేవాళ్లు ఒక చిన్న సోడా ప్లాస్టిక్ సీసా కూడా నింపి గాజు సీసాల పక్కన పెట్టుకోవాలి. రోజూ దాన్ని వేళ్లతో నొక్కి చూడండి. లోపల గ్యాస్ నిండి అది రాయిలా గట్టిపడిన రోజున సీసాలన్నింటినీ ఫ్రిజ్‌లోకి మార్చి, రెండు రోజుల తరవాత తెరవండి.