ఆగస్టు పెరడు: కాస్తున్న పాదు ఉంచాలా, పీకి ఆకుకూరలు చల్లాలా?

న్యూజెర్సీలో ఆగస్టు రెండో వారం వచ్చేసరికి పెరడున్న ప్రతి తెలుగింట్లో ఇదే తర్జనభర్జన. సొరపాదు పందిరంతా కమ్ముకుని ఉంటుంది. బీర ఇంకా పూస్తోంది. బెండ రోజు విడిచి రోజు కోతకొస్తోంది. మరోపక్క చలి ముదిరేలోపు మెంతికూర, ముల్లంగి, పాలకూర తినాలంటే మడి ఇప్పుడే సిద్ధం కావాలి. ఉన్నవి నాలుగైదు మడులు, కాస్తున్న పాదు పీకడానికేమో చేతులు రావు. నా మటుకు నేను చెప్పేదొకటే: ఆగస్టు 20 లోపు ఒక్క మడైనా ఖాళీ చెయ్యండి. దేన్ని పీకాలన్నది మాత్రం చూసి తేల్చుకోవాలి.

మొత్తం లెక్క ఫ్రాస్ట్ తేదీ, అంటే రాత్రి చలికి ఆకుల మీద మంచు గడ్డకట్టే రోజు చుట్టూ తిరుగుతుంది. సెంట్రల్ న్యూజెర్సీలో మొదటి ఫ్రాస్ట్ మామూలుగా అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరులోపు పడుతుంది. మర్నాడు పొద్దున చూస్తే సొర, బెండ, తోటకూర ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతుంటాయి. పక్క మడిలో పాలకూర మాత్రం ఎండ తగలగానే మళ్లీ లేచి నిలబడుతుంది.

ముందు సొర సంగతి. మంచి వేడిలో పిందె కట్టాక రెండు వారాల్లో కాయ కోతకొస్తుంది. సెప్టెంబర్ సగం దాటాక రాత్రులు 60 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే కిందికి దిగుతుంటాయి, పాదు మందగిస్తుంది. 50కి దిగితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అంటే సెప్టెంబర్ మూడో వారం తర్వాత వచ్చే పూలు చాలావరకు కాయ దాకా రావు. ఆగస్టు 20న పాదులో మిగిలిన బలం మహా అయితే నెల పైన కొద్దిరోజులు. ఆకులు పచ్చగా, లేత చివుళ్లు బలంగా ఉంటే ఆ నెల కోసం ఉంచడం న్యాయమే. పాత ఆకులన్నీ బూడిద తెగులుతో తెల్లబడి, కొత్త తీగలు సన్నబడిపోతే మొహమాటపడకుండా తీసేయండి. పిందెలు రాలడం ఒక్కటే చూసి మాత్రం తొందరపడకండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పగటి తేనెటీగలకు అంతగా అందదు. చీకటి పడేవేళ మగపువ్వు కోసి, కింద చిన్న కాయ ఉన్న ఆడపువ్వుకి అద్దితే నాలుగు రోజుల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది.

బెండ, వంగ, మిరప, గోంగూర జోలికి వెళ్లనక్కర్లేదు. అవి తీసుకునే చోటు తక్కువ, ఇచ్చేది ఎక్కువ. గోంగూరైతే రాత్రి 35 డిగ్రీలన్న సూచన రాగానే మొదలంటా కోసేసి పచ్చడికి వాడుకోవచ్చు. ఇక చిక్కుడు. ఆగస్టులో ఒక్క పువ్వూ లేదని చాలామంది దాన్నే ముందు పీకుతారు. మన చిక్కుడులో చాలా రకాలు పగలు తగ్గితే గానీ పూయవు, సెప్టెంబర్‌లో గాని గెలలు వెయ్యవు. మేలో నాటి, ఇన్నాళ్లు నీళ్లు పోసి, సరిగ్గా పూతకు ముందు తీసెయ్యడం అన్యాయం.

ఇప్పుడు ఆకుకూరల వైపు. విత్తనాల ప్యాకెట్ మీద ఉన్న రోజులకు ఇంకో రెండు వారాలు కలిపి, ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. శరదృతువులో పగలు తగ్గిపోతుంది కాబట్టి ఆ అదనం. హైదరాబాద్‌లో డిసెంబర్ చివర కూడా పదకొండు గంటల వెలుతురుంటుంది, అందుకే అక్కడ సంక్రాంతికి కూడా ఆకుకూర పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడ నవంబర్ మధ్యకే పగలు పది గంటల్లోపుకి పడిపోతుంది, అప్పటికి మొక్క ఎంత పెరిగితే అంతే. పొడుగు తెల్ల ముల్లంగి ఆగస్టు 20 లోపు పడాలి, చిన్న ఎర్ర ముల్లంగికి సెప్టెంబర్ మధ్యదాకా టైముంది. క్యారెట్‌కి ఆగస్టు మొదటి వారమే గడువు. కాలీఫ్లవర్ విత్తనం నుంచి ఇప్పుడు మొదలుపెడితే అందుకోలేం, నారు కొనడమే మేలు.

అసలు కష్టం మొలకెత్తించడంలో ఉంది. నేల 85 డిగ్రీలు దాటితే పాలకూర గింజ మొండికేస్తుంది. ఇండియన్ స్టోర్లో దొరికే దేశీ పాలకూర బీట్‌రూట్ జాతిది, అది కాస్త నయం. మడిని సాయంత్రం బాగా తడిపి, గింజ చల్లి, పైన గోనెపట్ట కప్పి, మొలక తల ఎత్తగానే తీసెయ్యాలి. వంటింటి డబ్బాలోని మెంతులు రాత్రంతా నానబెట్టి చల్లితే చాలు, నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, ఆగస్టు చివర్లో వెయ్యండి, అంతకు ముందైతే కొత్తిమీర వేడికి త్వరగా పూతకొచ్చేస్తుంది.

డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు. అక్కడ ఫ్రాస్ట్ మామూలుగా నవంబర్ మూడో వారం తర్వాతే. ఆగస్టు ఎండలో మెంతి చల్లితే మాడిపోతుంది. పాదులు ఉంచి, సెప్టెంబర్ చివర్లో ఆకుకూరలు మొదలుపెట్టుకోవచ్చు. చిక్కుడు కూడా అక్కడ కడుపునిండా కాస్తుంది.

న్యూజెర్సీలో, షికాగోలో నేనైతే తెగులు పట్టిన సొరని, రెండు బీరపాదులుంటే అందులో నీరసించినదాన్ని తీసి, ఆ చోట సగం ముల్లంగి, సగం పాలకూర వేస్తాను. ఫ్రాస్ట్ క్లాత్ (మంచు నుంచి మొక్కల్ని కాపాడే పల్చని గుడ్డ) కప్పితే పాలకూర నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా కోసుకోవచ్చు. ఏ పాదూ తియ్యడానికి మనసొప్పకపోతే, ఆరంగుళాల లోతున్న ట్రేలో మట్టి నింపి, మధ్యాహ్నం నీడ పడే మెట్ల పక్కన మెంతి చల్లండి. అక్టోబర్‌లో పాదులు వాటంతటవే పోయాక ఆ మడుల్లో వెల్లుల్లి రెబ్బలు గుచ్చితే వచ్చే జులైకి గడ్డలు తవ్వుకోవచ్చు.