డువాంగ్ లాంలో రాత్రి ఉండండి

హనోయికి పడమరగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, సోన్ తాయ్ పట్టణం పక్కనే ఉంది డువాంగ్ లాం అనే పాత వియత్నాం పల్లె. మొదటిసారి టూర్ బస్సులో వెళ్లాం. రెండు గంటల్లో నాలుగు పాత ఇళ్లు చూపించి బస్సెక్కించారు. తిరుగుదారి పొడవునా మా అక్క ముభావంగా కూర్చుంది. మూడో రోజు మేమిద్దరమే కారు మాట్లాడుకుని వెళ్లి, ఊళ్లో ఒకరింట్లో రాత్రికి దిగాం.

అక్కడి పాత గోడలు మన లేటరైట్ రాయివే. వియత్నామీయులు దాన్ని తేనెటీగ రాయి అంటారు. దగ్గరికి వెళ్తే ఎందుకో తెలుస్తుంది: ఒళ్లంతా చిల్లులు, తేనెపట్టు కోసి పేర్చినట్టు. భూమిలో మెత్తగా ఉండే ఈ రాయి గాలి తగిలాక గట్టిపడుతుంది. రాత్రి వాన పడింది. పొద్దున్నే చూస్తే గోడ ముదురు ఎరుపెక్కి ఉంది, చేయి పెడితే గరుకుగా, చల్లగా తగిలింది. ఆ ఒక్క ఉదయం కోసమైనా రాత్రి ఉండాలి.

ఊళ్లోని మోంగ్ ఫు పేట వాకిట ఉన్న ద్వారం పెంకుల కప్పుతో చిన్న ఇల్లులా ఉంటుంది, పక్కనే చెట్టు నీడ, చెరువు. టూర్‌వాళ్లు వదిలేసిన మియా పగోడాకు (బౌద్ధ ఆలయం) గంటసేపు కేటాయించండి. లోపల 287 విగ్రహాలున్నాయి, ఎక్కువ భాగం మట్టివీ చెక్కవీ.

బసలో పరుపు గట్టిది, దోమతెర ఉంది, స్నానాలగది శుభ్రం. పెరట్లో సోయా పులియబెట్టిన జాడీల వరుస. ఇంటావిడ ఒకదాని మూత తీయగానే ఘాటైన ఉప్పటి వాసన వచ్చింది. అక్కకు మా ఊరి ఆవకాయ జాడీలు గుర్తొచ్చాయి. ఈ ఊరు మియా అనే స్థానిక జాతి కోళ్లకు పేరు. శాకాహారులైతే ముందే 'చాయ్' అని చెప్పండి (వాళ్ల భాషలో శాకాహారం అని, టీ కాదు), లేదంటే కూరల్లో చేపల సాస్ పడుతుంది. మాకు అన్నం, టోఫు, వెల్లుల్లితో వేయించిన తూటికూర పెట్టారు. కడుపునిండా తిన్నాం.

2005లో ఈ ఊరికి జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇల్లు పెంచుకోవడానికీ బాగుచేసుకోవడానికీ ఆంక్షలు అడ్డొస్తున్నాయని, 2013లో కొందరు గ్రామస్థులు ఆ గుర్తింపే వద్దని అర్జీ పెట్టుకున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. అందుకే ప్యాకేజీకి పోసే డబ్బు ఆ ఇళ్లవాళ్ల చేతికే అందేలా చూడండి: వాళ్లింట్లో తినండి, వాళ్ల పంచలో పడుకోండి, బయల్దేరేముందు సందులో అమ్మే వేరుశనగ మిఠాయి రెండు పొట్లాలు కొనండి. శని, ఆదివారాల్లో హనోయి జనంతో ఊరు కిటకిటలాడుతుంది, మామూలు రోజుల్లో వెళ్లండి.