నేషనల్ టైటిళ్లు: ఏ లెక్క మేలు?

ఒహాయో స్టేట్, మిషిగన్ యూనివర్సిటీ జట్లు తలపడే నవంబరు ఆఖరి శనివారం దగ్గర పడిందంటే కొలంబస్‌లో (ఒహాయో స్టేట్ ఊరు), ఆన్ ఆర్బర్‌లో (మిషిగన్ ఊరు) చదువుకుంటున్న మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒహాయో స్టేట్‌కి నేషనల్ టైటిళ్లు ఎక్కువా, మిషిగన్‌కా? మిషిగన్ వాళ్లు 12–9తో మాదే పైచేయి అంటారు. ఒహాయో స్టేట్ వాళ్లు 6–3తో మాదే అంటారు. రెండంకెలూ నిజమే, లెక్కపెట్టిన తీరు వేరు.

ఈ తికమకకు మూలం తెలిసిందే. మిగతా ఆటలకు ఛాంపియన్‌షిప్ నడిపే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం), పై స్థాయి ఫుట్‌బాల్‌కి మాత్రం తన పేరుమీద టైటిల్ పెట్టలేదు. పత్రికల వాళ్లు, కోచ్‌లు, గణిత పద్ధతులు, చరిత్రకారులు ఎవరికి వారే ఛాంపియన్‌ని ప్రకటిస్తూ వచ్చారు. వాటిలో దేన్ని పట్టుకుంటారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. 2024 సీజన్ వరకు చూస్తే ఇలా ఉంది:

| జట్టు | యూనివర్సిటీ సొంత లెక్క | ఏపీ పోల్ | 1998 నుంచి ఫైనల్ గెలిచినవి |
|---|---|---|---|
| అలబామా | 18 | 12 | 6 |
| మిషిగన్ | 12 | 3 | 1 |
| నోటర్ డేమ్ | 11 | 8 | 0 |
| ఒహాయో స్టేట్ | 9 | 6 | 3 |
| ఆబర్న్ | 9 | 2 | 1 |
| ఓక్లహోమా | 7 | 7 | 1 |
| నెబ్రాస్కా | 5 | 4 | 0 |

ఇక్కడ ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ. ఏళ్లన్నీ సీజన్ ఏళ్లే. 2024 టైటిల్ అంటే 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ 34–23తో నోటర్ డేమ్‌ని ఓడించి గెలిచినది. వాదనల్లో సగం తప్పులు ఈ ఏడాది తేడా దగ్గరే జరుగుతాయి, కాబట్టి ముందు అది సరిచూసుకోవాలి.

యూనివర్సిటీలు చెప్పుకునే లెక్క

స్టేడియం గోడమీద రాసేది, టీషర్టుల మీద అచ్చేసేది ఈ అంకెనే. అభిమానుల నోట ఎక్కువగా వినిపించేదీ ఇదే. దీనితో వచ్చే చిక్కంతా ఒక్కటే: ఏ యూనివర్సిటీ కొలబద్ద దానిదే.

అలబామా 1941నే తీసుకోండి. ఆ ఏడు అలబామా 9 గెలిచి 2 ఓడింది. మిసిసిపీ స్టేట్ చేతిలో 14–0, వాండర్‌బిల్ట్ చేతిలో 7–0, రెండు చోట్లా ఒక్క పాయింటు కూడా రాలేదు. సొంత కాన్ఫరెన్సే (తన జట్ల లీగే) గెలవలేదు. ఏపీ పోల్‌లో దక్కింది 20వ స్థానం, అప్పట్లో పోల్‌లో ఉన్నవే 20 స్థానాలు. ఒక్క మ్యాచ్ కూడా ఓడని మినెసోటా ఆ ఏడాది ఏపీ ఛాంపియన్. హౌల్‌గేట్ అనే ఒక్క గణిత పద్ధతి అలబామాని పైన నిలబెట్టింది. దాన్ని ఆధారం చేసుకుని 1980లలో అలబామా మీడియా గైడ్‌లో 1941ని, ఇంకో నాలుగు పాత ఏళ్లని (1925, 1926, 1930, 1934) చేర్చారు. 1925 జట్టు ఓటమి లేకుండా రోజ్ బౌల్ (సీజన్ ముగిశాక ఆడే బౌల్ గేముల్లో ఒకటి) గెలిచింది, దాన్ని సమర్థించవచ్చు. 1941ని సమర్థించడానికి నాకు దారి కనబడదు.

అలబామా ఒక్కటే ఇలా చేయలేదు. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో 1919, 1927లను కలుపుకుంది. ఆబర్న్ 2025లో తన లెక్కని 9కి పెంచింది. అందులో ఉన్న 1993ని కాస్త దగ్గరగా చూడాలి. ఆబర్న్ ఆ ఏడు 11కి 11 గెలిచింది, కాని ఎన్‌సీఏఏ శిక్షలో ఉండడంతో బౌల్ గేమ్ ఆడలేదు. ఏపీ ఛాంపియన్ ఫ్లోరిడా స్టేట్. ఆ ఫ్లోరిడా స్టేట్‌ని నవంబరు 13న 31–24తో ఓడించింది నోటర్ డేమ్. సరిగ్గా వారానికి నోటర్ డేమ్ బాస్టన్ కాలేజ్ చేతిలో 41–39తో ఓడింది. ఫ్లోరిడా స్టేట్‌ని మైదానంలో ఓడించిన నోటర్ డేమ్ 1993ని తనదని చెప్పుకోదు, ఆబర్న్ చెప్పుకుంటుంది. ఒకరి సొంత లెక్కని ఇంకొకరి సొంత లెక్కతో పోల్చకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎన్‌సీఏఏ రికార్డు పుస్తకంలో ఇంకా చాలా ఏళ్లకు తన పేరున్నా ఓక్లహోమా 7 దగ్గరే ఆగింది, ఆ 7 టైటిళ్లూ ఏపీవే. నా దృష్టిలో అది గౌరవమైన పద్ధతి.

ఎన్‌సీఏఏ రికార్డు పుస్తకం

ఇది జాబితా మాత్రమే. ప్రధాన సెలెక్టర్లుగా గుర్తించిన వాళ్లు ఏ ఏడు ఎవరి పేరు చెప్పారో అన్నీ వరసగా ఇస్తుంది, ఎవరు సరైనవారో తేల్చదు. 2017లో 13కి 13 గెలిచిన సెంట్రల్ ఫ్లోరిడా పేరు అందులో ఉందంటే కోలీ మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ పద్ధతి దాన్ని మొదటి స్థానంలో పెట్టింది కాబట్టి. "ఎన్‌సీఏఏ గుర్తించింది" అని ఎవరైనా అంటే అర్థం అంతవరకే. ఆధారం వెతుక్కోవడానికి బాగా పనికొస్తుంది, లెక్కపెట్టడానికి పనికిరాదు.

ఏపీ పోల్

నా మొగ్గు దీనివైపే. కారణం, నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే ప్రశ్న ఇది: ఆ సీజన్ ఆడుతున్నప్పుడే, ఈ ఓటుతో ఛాంపియన్ తేలుతుందని ఆటగాళ్లకీ కోచ్‌లకీ తెలుసా? 1936 నుంచి ఏపీ విషయంలో తెలుసు. వారం వారం పేపర్లో ర్యాంకులు వచ్చేవి, చివరి ఓటు ఎప్పుడో ముందే తెలిసేది. ఇప్పుడు 60 మందికి పైగా క్రీడా విలేకరులు ఒక్కొక్కరు 25 జట్లను రాస్తారు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, చివరిదానికి 1. ఎనభై తొంభై ఏళ్లుగా ఒకే సంస్థ, దాదాపు ఒకే పద్ధతి. పాత తరాన్నీ కొత్త తరాన్నీ ఒకే కొలతతో పోల్చే వీలు ఇంకెక్కడా లేదు.

అయితే ఏపీలో ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచి వాదించకూడదు. 1967 దాకా, 1965ని మినహాయిస్తే, చివరి ఓటు బౌల్ గేములకు ముందే ముగిసేది. బౌల్ గేముని బహుమతి పర్యటనలా చూసేవారు. ఫలితంగా టైటిల్ చేతికి వచ్చాక బౌల్‌లో ఓడిన ఏపీ ఛాంపియన్లు ఐదుగురు ఉన్నారు: 1950 ఓక్లహోమా (కెంటకీ చేతిలో 13–7), 1951 టెన్నెసీ (మేరీలాండ్ చేతిలో 28–13), 1953 మేరీలాండ్ (ఓక్లహోమా చేతిలో 7–0), 1960 మినెసోటా (వాషింగ్టన్ చేతిలో 17–7), 1964 అలబామా (టెక్సస్ చేతిలో 21–17). 1964లో ఆర్కన్సా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, ఆరంజ్ బౌల్‌లో అలబామాని ఓడించిన ఆ టెక్సస్‌నే అక్టోబరులో ఓడించింది కూడా.

ఆ మరుసటి ఏడు ఏపీ ఓటుని బౌల్ గేముల తర్వాతకి జరిపింది. అప్పుడేం జరిగిందో చూడండి. జనవరి 1కి ముందు అలబామా నాలుగో స్థానంలో ఉంది. మిషిగన్ స్టేట్ రోజ్ బౌల్‌లో యూసీఎల్ఏ చేతిలో 14–12తో ఓడింది. ఆర్కన్సా కాటన్ బౌల్‌లో ఎల్ఎస్‌యూ చేతిలో 14–7తో ఓడింది. మూడో స్థానంలో ఉన్న నెబ్రాస్కాని రాత్రి ఆరంజ్ బౌల్‌లో అలబామాయే 39–28తో ఓడించింది. ఒక్క రోజులో ముగ్గురూ పడిపోయారు, టైటిల్ అలబామాకి వచ్చింది. 1966లో ఏపీ మళ్లీ పాత పద్ధతికే వెళ్లింది. నోటర్ డేమ్, మిషిగన్ స్టేట్ 10–10తో సమంగా ముగించి మొదటి రెండు స్థానాలు తీసుకున్నాయి. 11కి 11 గెలిచి, షుగర్ బౌల్‌లో నెబ్రాస్కాని 34–7తో ఓడించిన అలబామా మూడో స్థానంలోనే ఉండిపోయింది. ఆ మ్యాచ్ జరిగేసరికి ఓటు అయిపోయింది. 1968 నుంచే ఏపీ ఓటు బౌల్స్ తర్వాతకి స్థిరపడింది.

అందుకే నా సలహా: ఏపీ అంకెను తీసుకోండి, ఆ ఐదేళ్ల పక్కన గుర్తు పెట్టండి. అలబామా 12లో ఒకటి, ఓక్లహోమా 7లో ఒకటి గుర్తుతో ఉంటాయి. ఒహాయో స్టేట్ 6లో ఒక్కదానికీ ఆ మచ్చ లేదు. 1942లో బౌల్ ఆడలేదు, 1954లో, 1968లో రోజ్ బౌల్ గెలిచింది.

రెండో లోపం, 1936కి ముందున్నదంతా పోవడం. 1901లో మిషిగన్ 11 మ్యాచుల్లో 550 పాయింట్లు చేసి ప్రత్యర్థులకు ఒక్కటీ ఇవ్వలేదు. అంత గొప్ప జట్టుని లెక్కలోకి తీసుకోకపోవడం బాధే. కాని 1901లో టైటిల్ అన్నదే లేదు, ఆ ముద్ర చరిత్రకారులు తర్వాత వేసింది. 1932, 1933 సంగతి వేరు. ఆ రెండేళ్లూ ఇలినాయ్ ప్రొఫెసర్ డికిన్సన్ పద్ధతి మిషిగన్‌ని అప్పటికప్పుడే ఛాంపియన్‌గా ప్రకటించింది. ఆ రెండింటికీ గుర్తుతో చోటివ్వచ్చు.

కోచ్‌ల పోల్

1950లో మొదలైంది. బౌల్స్ తర్వాత ఓటు వేయడం 1974లో గాని రాలేదు, అదీ 1973లో తాము ఎన్నుకున్న అలబామా షుగర్ బౌల్‌లో నోటర్ డేమ్ చేతిలో 24–23తో ఓడాక. పైగా సొంత ప్రత్యర్థులకు ఓటు వేసేవాళ్ల పోల్ ఇది. ఏపీకి తోడుగా చూడండి, దానికి బదులుగా వద్దు.

1998 నుంచి ఫైనల్ గెలిచినవే లెక్కపెడితే?

వినడానికి శుభ్రంగా ఉంటుంది: మైదానంలో గెలిచిన టైటిలే టైటిల్. కాని 1998లో ఫైనల్ పెట్టిన బీసీఎస్ అనే ఏర్పాటు కాలంలో, అంటే 2013 వరకు, ఫైనల్‌కి వెళ్లే ఇద్దరినీ పోల్స్, కంప్యూటర్లు కలిసి తేల్చేవి. 2004లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా బయట ఉండిపోయింది. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చాక కూడా, 2023లో 13కి 13 గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ని జట్లను ఎంచే కమిటీ పక్కన పెట్టింది. ఓటు పోలేదు, ఒక మెట్టు వెనక్కి జరిగిందంతే. పైగా ఈ లెక్కలో నోటర్ డేమ్‌కీ నెబ్రాస్కాకీ సున్నా. 1994, 1995లలో వరసగా రెండేళ్లు ఓటమి లేని నెబ్రాస్కాని సున్నా అనే లెక్క చరిత్రని చెప్పదు.

ఏపీకీ ఈ లెక్కకీ తేడా వచ్చింది ఒక్క 2003లోనే. ఫైనల్ గెలిచింది ఎల్ఎస్‌యూ, ఏపీ ఎన్నుకున్నది యూఎస్‌సీని. ఆ ఏడు ఇద్దరికీ చెరొకటి రాయాలి.

ఒక టైటిల్‌ని సరిచూడడం ఎలా

ఎవరైనా ఏడాది చెప్పి "మాదే" అంటే నాలుగు అడగండి. అది సీజన్ ఏడా, ఫైనల్ ఆడిన ఏడా? పేరు చెప్పింది ఎవరు? అప్పుడే చెప్పారా, తర్వాతా? ఓటు బౌల్‌కి ముందా, వెనకా?

1970 మీద పెట్టి చూడండి. ఒహాయో స్టేట్ 9లో ఇదొకటి. ఇచ్చింది నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్, టెక్సస్‌తో కలిపి, బౌల్స్‌కి ముందు. కోచ్‌ల పోల్ కూడా ముందే టెక్సస్‌కి ఇచ్చింది. 1971 జనవరి 1న ఒహాయో స్టేట్ స్టాన్‌ఫర్డ్ చేతిలో 27–17తో, టెక్సస్ నోటర్ డేమ్ చేతిలో 24–11తో ఓడాయి. అదే రాత్రి నెబ్రాస్కా 17–12తో ఎల్ఎస్‌యూని ఓడించింది, ఆ తర్వాత ఓటు వేసిన ఏపీ నెబ్రాస్కాని ఎన్నుకుంది. 1970 నెబ్రాస్కాదే.

ఇప్పుడు మిషిగన్ 1947. డిసెంబరులో ఏపీ నోటర్ డేమ్‌ని ఎన్నుకుంది. మిషిగన్ రోజ్ బౌల్‌లో యూఎస్‌సీని 49–0తో ఓడించింది. అదే యూఎస్‌సీని నోటర్ డేమ్ ఓడించింది 38–7తో. ఏపీ మళ్లీ ఓటు పెడితే మిషిగన్‌కి 226, నోటర్ డేమ్‌కి 119 వచ్చాయి. అయినా మొదటి ఫలితాన్నే అధికారికంగా ఉంచారు. నేనైతే దీన్ని మిషిగన్‌కి ఇస్తాను. అప్పుడు ఒహాయో స్టేట్ 6, మిషిగన్ 4. డికిన్సన్ రెండింటినీ గుర్తుతో కలిపితే ఆరూ ఆరూ.

రైవల్రీని మాత్రం ఈ పద్దులో కలపకండి. ఇద్దరి మధ్య జరిగిన మ్యాచుల్లో మిషిగన్‌వి 60కి పైగా గెలుపులు, ముందున్నది మిషిగనే. 2024 నవంబరు 30న ర్యాంకు కూడా లేని మిషిగన్ కొలంబస్‌కి వెళ్లి 13–10తో గెలిచింది. పాత పోల్స్ కాలంలో అయితే ఒహాయో స్టేట్ కథ అక్కడే ముగిసేది. 12 జట్ల ప్లేఆఫ్ ఉంది కాబట్టి ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టి టెన్నెసీ, ఆరెగాన్, టెక్సస్, నోటర్ డేమ్‌లను వరసగా ఓడించింది. టైటిళ్ల పద్దులో ఆ సీజన్ ఒహాయో స్టేట్‌ది, మ్యాచుల పద్దులో మిషిగన్‌ది.